పొయ్యి కింద గీత

ఎల్క్ వాగు, నెబ్రాస్కా
1871 డిసెంబరు 10

చెల్లీ లొవీనా,

నువ్వు వెళ్ళి అరవై ఎనిమిది రోజులైంది. ఎజ్రా భార్యకు సుఖప్రసవమైందని నీ ఉత్తరంలో చదివి, అక్కడికక్కడే మోకరించి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. తమ్ముడు తన బిడ్డకు మన అమ్మ పేరు పెట్టడం సంతోషం.

ఇక్కడ అంతా కుదురుగానే ఉంది. ఆవు పాలిస్తోంది. పైకప్పు మీద పచ్చికపెళ్ళలు రెండు జారితే సరిచేశాను. పిడకలు మార్చి దాకా సరిపోతాయి.

ఒక సంగతి రాయాలి. నిన్న లెమ్యూల్ స్ట్రౌడ్ నీళ్ళకు వచ్చాడు. తన బావి ఉప్పగా ఉందని రెండేళ్ళుగా మన బావికే వస్తున్నాడు కదా. చేద కిందికి వదులుతూ అడిగాడు.

"చిన్నమ్మాయిగారు కనపట్టంలేదే?"

"తమ్ముడింటికెళ్ళింది."

"ఎప్పుడెళ్ళారో?"

దాచడానికేముంది, చెప్పాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "అక్టోబరు మూడు. అంటే ఏప్రిల్ మూడుకి ఆర్నెల్లు" అని నవ్వాడు. "మీ ఇల్లు చూస్తే నాకెప్పుడూ నవ్వే పెద్దమ్మాయిగారూ. ఇల్లొకటి, భూములు రెండు. హద్దు గీత సరిగ్గా పొయ్యి కిందనుంచి పోతుందటగా! ఇంతకీ రొట్టె ఎవరి భూమిలో కాలుతుందండీ?"

"ఎవరికి ఆకలైతే వాళ్ళ భూమిలో" అన్నాను.

నవ్వుకుంటూ వెళ్ళాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. ఐదేళ్ళు కాపురముంటేనే మనిషికి నూట అరవై ఎకరాలకు పట్టా. ఎవరి భూమిలో వాళ్ళు పడుకోవాలనే గదా నీ మంచం తూర్పునా, నా మంచం పడమరా వేసి ఇల్లు హద్దు మీద కట్టుకున్నాం. మూడేళ్ళు నిండాయి. ఆర్నెల్లు ఏకబిగిన భూమి విడిచి ఉన్నవాళ్ళ మీద ఎవరైనా భూమి కచేరీలో ఫిర్యాదు చేసి, ఆ భూమి తనకు రాయించుకోవచ్చు. బావి నీ వైపు ఉంది. నా వైపు రెండుచోట్ల తవ్వితే రెండుచోట్లా రాయే తగిలింది. నీ భూమి పోతే నా భూమి ఎండిపోతుంది.

నువ్వు వెళ్ళిన రోజునుంచీ నీ మంచం మీదే పడుకుంటున్నాను. ఖాళీగా చూడలేకపోయాను. నా మంచం మీద విత్తనపు కంకులు ఆరబెట్టాను.

క్రిస్మస్‌కు వస్తానన్నావు. రా.

నీ అక్క
థర్జా


ఫెయిర్‌లీ, ఒహాయో
1872 జనవరి 8

అక్కా,

నీ ఉత్తరం చేరేసరికే క్రిస్మస్ వారం వచ్చేసింది. ఏమీ అనుకోకు. పాపకు కడుపునొప్పి, వదినకు జ్వరం, ఎజ్రాకేమో బల్లమీద వేడి రొట్టె లేకపోతే లోకం తల్లకిందులు! ఇంటెడు చాకిరీ నామీదే పడింది. అయినా కులాసాగానే ఉన్నాను. ఒళ్ళు చేశానని అందరూ వెక్కిరిస్తున్నారు. నేలమాళిగ నిండా యాపిల్ పళ్ళు. వాటి వాసన నేను పడుకునే గదిలోకి వస్తుంది. నీకో బుట్టెడు పంపాలని ఉంది గానీ రైల్లో కుళ్ళిపోతాయట.

ఇక్కడ చెట్లున్నాయక్కా. ఉన్నాయని నీకు తెలుసనుకో. కిటికీ తీస్తే ముందు చెట్లు, వాటి వెనక కొండ, కొండ వెనక ఇంకో కొండ కనిపిస్తాయి. చూపు ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

స్ట్రౌడ్ మాటలు పట్టించుకోకు. వాడిది నోరే గానీ చెయ్యి కాదు. ఫిబ్రవరి ఆఖరుకు బయల్దేరతాను. వదిన లేచి తిరగ్గానే వస్తాను.

తూర్పు మూలనుంచి గాలి ఇంకా లోపలికి వస్తోందా? ఊరికే అడిగాను. నువ్వు అటు పడుకుంటున్నానన్నావు కదా, చలేస్తుందేమోనని.

నీ
లొవీనా


ఎల్క్ వాగు
1872 ఫిబ్రవరి 11

చెల్లీ,

తూర్పు మూల సందును బంకమట్టితో పూడ్చాను. గాలి రావడంలేదు.

స్ట్రౌడ్‌ది నోరే అన్నావు. సోమవారం కొలతగొలుసు తెచ్చి బావి నుంచి తన హద్దు దాకా కొలుచుకున్నాడు. ఏమిటిదని అడిగితే, "పశువుల దొడ్డి ఎక్కడ కట్టుకుంటే వీలో చూస్తన్నా" అన్నాడు. గురువారం దుంగలు కూడా తోలుకొచ్చాడు. తన హద్దులోనే దింపాడు. ఏమీ అనడానికి లేదు.

నాకు సాయం ఒకరు దొరికారు. వాగు గట్టును తొలుచుకుని కాపురముంటున్న బొహీమియా దేశపావిడ బార్బొరాను నువ్వు చూశావు. భర్త శరత్కాలంలో జ్వరంతో పోయాడు. ఇద్దరు పిల్లలు. వాగు పక్కన నేలంతా ఎప్పుడో అయిపోయింది, ఆవిడకు ఎకరం కూడా లేదు. మన వాయవ్యపు గోడ కుంగితే రెండు రోజులు నాతోపాటు పెళ్ళలు మోసింది. మన మాటలు ఓ నలభై వచ్చు. నలభైతోనే నన్ను నవ్విస్తుంది. నేను ప్రార్థన చేసుకుంటుంటే పక్కనే కూర్చుని, అయిపోగానే "దేవుడు చెవుడా? నువ్వు మెల్లగా" అంటుంది.

ఫిబ్రవరి పదకొండు వచ్చింది. ఏ రైలుకు వస్తున్నావో రాయలేదు. రైలు దిగేచోటికి బండి తేవాలంటే నాకు నాలుగు రోజుల ముందు తెలియాలి.

నీ ఉత్తరంలో ఎన్నో సంగతులున్నాయి. వస్తున్నాననే మాట ఒక్కటీ నమ్మేలా లేదు. ఏం జరిగిందో రాయి. కోపగించను.

అక్క


ఫెయిర్‌లీ
1872 ఫిబ్రవరి 27

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడూ పొయ్యిలో వేశాను.

నేను రాలేను.

కిందటేడు జనవరిలో మంచుతుఫాను వచ్చిన మధ్యాహ్నం నీకు గుర్తుండే ఉంటుంది. ఇంటికీ కొట్టానికీ మధ్య తాడు కట్టావు. తాడు పట్టుకునే వెళ్ళి ఆవుకు మేత వేసి రమ్మన్నావు. నువ్వు రొట్టె కాలుస్తున్నావు. నేను సగం దూరం వెళ్ళి తాడు వదిలేశాను. అది చేతిలోంచి జారిపోలేదక్కా. నేనే వదిలేశాను.

అప్పటికి మూడు వారాలుగా గాలి ఆగలేదు. పళ్ళెంలో, దుప్పట్లో, నా చెవుల్లో అదే చప్పుడు. నువ్వేమో మామూలుగా పిండి పిసుకుతూ, ప్రార్థన చేసుకుంటూ ఉండేదానివి. నీకు వినపడ్డంలేదా అని అడగాలనుకునేదాన్ని. వినపడటంలేదంటావేమోనని భయమేసేది. నడుచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట గాలి అయిపోతుందనిపించింది ఆ మధ్యాహ్నం. అంతే. ఇంకేమీ అనుకోలేదు.

కంచె దగ్గర నువ్వు నన్ను పట్టుకుని "దారి తప్పావా తల్లీ" అన్నావు. అవునన్నాను. అబద్ధం.

వదిన ఎప్పుడో లేచి తిరుగుతోంది. జనవరిలోనే. రెండుసార్లు పెట్టె సర్దాను. రెండోసారి రైలుస్టేషను దాకా వెళ్ళాను కూడా. అక్కడ చెట్లు ఊగాయి. తిరిగొచ్చేశాను.

ఎజ్రాకు ఈ సంగతి చెప్పలేదు, ఇక్కడ సుఖం మరిగాననుకుంటున్నాడు. వాడు అంటున్నది రాస్తున్నాను, వాడి మాటల్లోనే: "ఆర్నెల్లు దాటితే దాటనీ. ఎండాకాలంలో ఓ నెల వెళ్ళి కనపడిరా. చలికాలమంతా నువ్వు అక్కడే ఉన్నావని అక్క కచేరీలో ఒక్క మాట చెబితే చాలు. అక్కడ అక్క మాటంటే అందరికీ గురి. ఆ స్ట్రౌడ్ గాడి మాట ఎవడు నమ్ముతాడు?"

నేను అడగడంలేదు. వాడు అన్నాడని రాశాను. అయినా చేతులారా రాశానంటే అడిగినట్టే, నాకు తెలుసు.

బావి పోతే నువ్వెలా బతుకుతావక్కా? నన్ను తిట్టు.

లొవీనా


ఎల్క్ వాగు
1872 మార్చి 9

నా తల్లీ,

నీ ఉత్తరం గురువారం చేరింది. రెండు రోజులు జవాబు రాయలేదు. ప్రార్థనలోనే ఉన్నాను.

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. ఆ మధ్యాహ్నం నీ చేతితొడుగులు కొక్కానికే వేలాడుతున్నాయి. శాలువా మడతపెట్టి మంచం మీద ఉంది. మేత వేయడానికి పోయేవాళ్ళు శాలువా మడతపెట్టి వెళ్ళరు. అది చూసే నేను పరిగెత్తాను. దారి తప్పావా అన్నది నీకు జవాబు అందించడానికి. ఆ తర్వాత అడగలేదు. అడిగితే చెబుతావని భయం. చెబితే నిన్ను పంపేయాల్సి వచ్చేది. నాకు నువ్వూ కావలసి వచ్చింది, భూమీ కావలసి వచ్చింది. తొమ్మిది నెలలు నిన్ను ఆ గాలిలో ఉంచాను. ఆ పాపం నాది, నీది కాదు.

నువ్వు రావద్దు.

ఎజ్రాతో చెప్పు. కచేరీవాళ్ళు నా మాట నమ్ముతారన్నాడు. నిజమే. అందుకే చెప్పలేను.

ఇప్పుడు పని సంగతి. జాగ్రత్తగా చదువు. నిన్న స్ట్రౌడ్ బావి దగ్గర మంచి హుషారులో ఉన్నాడు.

"మీరొకళ్ళని ఒకళ్ళు మించిపోయారండీ" అన్నాడు. "చిన్నావిడ భూమి వదిలి పోయింది, సరే. పెద్దావిడ ఇంట్లోనే ఉండి భూమి వదిలి పోయింది! మీ మంచం మీద మొక్కజొన్న కంకులు కాపురం చేస్తున్నాయిగా. కిటికీలోంచి చూశాలెండి. మీరేమో గీత దాటి చెల్లెలి నేల మీద నిద్దరోతన్నారు. ఏప్రిల్లో రెండు ఫిర్యాదులు ఒకే కాయితం మీద రాయిస్తా, సిరా కలిసొస్తుంది."

నువ్వు నమ్ము, ఒక్కనాడూ ఆ ఆలోచన రాలేదు. పొయ్యికి ఇటునుంచి అటు నాలుగడుగులు. నీ దుప్పటి వాసన కోసం నాలుగడుగులు వేసి, ఐదు నెలల ఐదు రోజులుగా నా భూమిని విడిచి ఉన్నాను. అతను వెళ్ళగానే కంకులన్నీ ఎత్తి గోనెలో పోశాను. నా మంచం మీదికి వచ్చేశాను.

నీ భూమిని నిలబెట్టే దారి లేదు. స్ట్రౌడ్‌కు పోకుండా చూసే దారి ఒకటుంది. నీ భూమి రసీదు ఈ ఉత్తరంతో పెట్టాను. దాని వెనక, "ఈ భూమి మీద నా హక్కు ప్రభుత్వానికి వదులుకుంటున్నాను" అని రాసి, న్యాయాధికారి ఎదుట సంతకం చేసి, ముద్ర వేయించి, వెంటనే తిరిగి పంపు. వదులుకున్న భూమి మీద ఫిర్యాదు ఉండదు. కచేరీ బల్ల మీద ఆ కాగితం పెట్టిన క్షణాన ఆ భూమి ఎవరిదీ కాదు, మొదట అడిగినవాళ్ళది. నేను అడగలేను. మనిషికి ఒక్కసారే ఇస్తారు, నాకు ఇచ్చేశారు. బార్బొరా అడుగుతుంది. ఇంటిపెద్ద కాబట్టి ఆవిడకు హక్కుంది, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టిన కాగితమూ ఉంది. నీళ్ళు నాకు ఇస్తానంది. మాట అనలేదు, బావి వైపు చూపించి నా చెయ్యి పట్టుకుంది. అది చాలు.

ఏప్రిల్ మూడు లోపల ఈ పని జరగాలి. ఆ రసీదుకు నకలు లేదు. పోతే అంతే.

నీకు ఏమీ మిగలదు, లొవీనా. మూడేళ్ళ కష్టం ఒక గీతతో పోతుంది. నాకు తెలిసే అడుగుతున్నాను.

మొన్న శరత్కాలంలో పానీ తెగ ఆడవాళ్ళు దుంపలు తవ్వుకోవడానికి వాగుకు వచ్చారు. వాళ్ళ ముసలామె మన బావి చుట్టూ ఒకసారి తిరిగి, ఇక్కడ ఊట ఉండేదని చేతులతో చూపించింది. తన తల్లి అక్కడ పడుకునేదని కూడా. వాళ్ళెన్నేళ్ళు పడుకున్నారో ఏ కచేరీ అడగలేదు. మనం మూడేళ్ళకే మనదనుకున్నాం. ఆ ముసలామె ఈ మధ్య నా ప్రార్థనలోకి వస్తోంది.

థర్జా


ఫెయిర్‌లీ
1872 మార్చి 20

అక్కా,

రసీదు ఇందులో ఉంది. ముద్ర సరిగ్గా పడిందో లేదో మూడుసార్లు వెలుతురులో పట్టి చూశాను.

నీ ఉత్తరం సోమవారమే వచ్చింది. రెండు రోజులు ఆలస్యం చేశాను, క్షమించు. ఎజ్రా రసీదు లాక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మూడేళ్ళు ఎద్దుల్లా పనిచేసి ఊరూ పేరూ లేనిదానికి రాసిస్తారా? మీ ఇద్దరికీ మతిపోయిందా?" అని అరిచాడు. చెప్పక తప్పలేదు. తాడు సంగతి చెప్పాను. పాపను ఎత్తుకుని ఉన్నాడు, పాపను వదినకిచ్చి బయటికి వెళ్ళిపోయాడు. గంట తర్వాత బండి కట్టి, "ఎక్కు, న్యాయాధికారి భోజనానికి లేస్తాడు" అన్నాడు. దిగేటప్పుడు నా కాలర్ బొత్తాం పెట్టాడు, చిన్నప్పుడు నువ్వు పెట్టినట్టు.

సంతకం చేస్తే ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. చెయ్యి తేలికైంది. అందుకు సిగ్గుగా ఉంది.

పన్నెండు రోజుల్లో చేరాలి. నదిలో మంచు విరుగుతోందని, పడవలు ఆపారని పేపర్లో చదివాను. చేరకపోతే? చేరి, బార్బొరాకు కచేరీలో నోరు పెగలకపోతే? నిన్ను నీ మంచం సంగతి ప్రమాణం చేయించి అడిగితే?

ఒక్క మాట రాయి అక్కా, వస్తాను. గాలి ఉన్నా వస్తాను. నీ జవాబుకు టైము లేదని తెలుసు. అయినా రాస్తున్నాను.

లొవీనా


ఎల్క్ వాగు
1872 ఏప్రిల్ 7, ఆదివారం

చెల్లీ,

నీ కవరు సోమవారం, ఒకటో తేదీ సాయంత్రం టపా వచ్చే దుకాణానికి చేరింది. మంగళవారం తెల్లవారుతూనే బార్బొరా, నేనూ బండి కట్టాం. కచేరీకి రెండు రోజుల దారి. దారిపొడవునా ఆవిడకు భూమి నంబరు నేర్పాను: పదిహేడో చెక్క, ఆగ్నేయ భాగం. వంద సార్లు అని ఉంటుంది. నది దగ్గర మంచుపలకలు ఒకదానిమీదొకటి ఎక్కి పోతున్నాయి. పడవవాడు రానన్నాడు. ఒంటిగంట దాకా గట్టు మీదే కూర్చున్నాం. నేను ప్రార్థించాను. బార్బొరా పడవవాడిని తన భాషలో తిట్టింది. ఏది పనిచేసిందో తెలియదు, ఆఖరికి దాటించాడు.

బుధవారం మూడున్నరకు కచేరీ చేరాం. నాలుగుకు మూసేస్తారు. మెట్ల మీద దుప్పటి కప్పుకుని లెమ్యూల్ స్ట్రౌడ్.

"ఏంటి పెద్దమ్మాయిగారూ, బతిమాలుకోవడానికొచ్చారా?"

"పనుండి వచ్చాం లెమ్యూల్. నీ పనైందా?"

"నా పని రేపు పొద్దున. ఇవ్వాళ గడిస్తేగానీ ఆర్నెల్లు నిండవుగా. తలుపు తియ్యగానే మొదటి మనిషిని నేనే. రాత్రికి ఇక్కడే పడక."

"అయితే ఇప్పుడు కాస్త జరుగు."

లేచాడు. టోపీ తీశాడు. తలుపు కూడా తనే తెరిచి పట్టుకున్నాడు, చెల్లీ. వంగి మరీ దారిచ్చాడు.

రసీదు బల్ల మీద పెట్టాను. అధికారి తిరగేసి చదివి, ముద్ర వేలితో తడిమి, పుస్తకంలో నీ పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. "ఈ భూమి ఇప్పుడు ఎవరిదీ కాదు" అన్నాడు. బల్ల పట్టుకున్నాను.

"ఈమె అడుగుతుంది" అన్నాను.

"ఏ భూమమ్మా?"

బార్బొరా నోరు తెరిచింది. మాట రాలేదు. నేను అందించబోతే అధికారి చెయ్యి ఎత్తాడు. "ఆమే చెప్పాలి."

"బావి" అంది బార్బొరా.

"ఏ బావి?"

"తీపి బావి."

తలుపు దగ్గర స్ట్రౌడ్ తల ఇటు తిరిగింది. బావి అన్న మాట అతనికి తగలాల్సిన చోట తగిలింది. రెండంగల్లో బల్ల దగ్గరికొచ్చాడు. "ఏ భూమి? ఏం జరుగుతోందిక్కడ? ఆగండి, ఆ భూమి నాది, నేను రాయించుకుంటా!" ఆ అరుపుకు బార్బొరా ఉలిక్కిపడి, వేళ్ళు మడుస్తూ, బడిపిల్లలా గట్టిగా అనేసింది: "పదిహేడు చెక్క! ఆగ్నేయ!"

"వరసలో ఈవిడ ముందుంది" అన్నాడు అధికారి. "నువ్వేగా దారిచ్చింది, చూశాను." ఆవిడ వేలిముద్ర వేసింది.

స్ట్రౌడ్ నా వైపు తిరిగాడు. "అయితే ఈవిడ సంగతేంటి? అడగండి! దేవుడి మనిషి కదా, చలికాలమంతా ఎక్కడ పడుకుందో అడగండి!"

నాతో ప్రమాణం చేయించలేదు. జవాబు చెప్పకపోయినా ఎవరూ బలవంతం చేయరు. కానీ అడిగారు.

"ఐదు నెలల ఐదు రోజులు మా చెల్లెలి మంచం మీద, ఆమె భూమిలో పడుకున్నాను. మార్చి ఎనిమిది నుంచి నా మంచం మీద."

"ఎందుకు మారావు?"

"ఇతను బావి దగ్గర చెప్పాడు కాబట్టి. అప్పటిదాకా నాకు తోచలేదు."

అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. అధికారి నవ్వలేదు. "ఐదు నెలలు ఆర్నెల్లు కావు" అని పుస్తకం మూశాడు. స్ట్రౌడ్ దుప్పటి మెట్ల మీదే వదిలి వెళ్ళాడు. బార్బొరా దాన్ని మడిచి బండిలో వేసుకుంది. ఇంటికి చేరగానే అతని వాకిట్లో పెట్టి వచ్చింది. అతను నీళ్ళకు రావడం మాత్రం మానలేదు. ఆవిడ ఇస్తూనే ఉంది.

నిన్న బార్బొరా పిల్లలతో తూర్పు వైపుకు వచ్చేసింది. నీ మంచం మీద ముగ్గురూ అడ్డంగా పడుకుంటారు. ఇల్లంతా ఉల్లిపాయల వాసన, గోల. నీ బట్టలూ, కుట్టుపెట్టె వచ్చే వారం రైల్లో పంపుతాను. మడతపెడుతుంటే నా చేతులు నెమ్మదించాయి. అది తప్ప బాగానే ఉన్నాను.

వస్తానని రాశావు. ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ఇక చదవను. అక్టోబరు నుంచీ పొద్దునా సాయంత్రం నిన్ను తిరిగి తెమ్మనే దేవుణ్ణి అడిగాను. వేరే ఏమీ అడగలేదు. మార్చి తొమ్మిదిన నీకు రావద్దని రాసి కూడా, మోకరిస్తే నోటికి అదే వచ్చేది. బుధవారం నీ పేరు మీద గీత పడ్డాక, బండిలో, ఆ ప్రార్థన మానేశాను. దాని చోట ఏం పెట్టాలో ఇంకా తెలియలేదు. ఈ పొద్దున చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

తమ్ముడికి నా ఆశీర్వాదం చెప్పు. పాపను ఎత్తుకున్నప్పుడు మెడ కింద చెయ్యి పెట్టు.

నీ అక్క
థర్జా